నిలబడ్డ జింకలు

మా వికారాబాదులో సొంత జీపు కొన్నవాళ్లలో నేను మూడోవాణ్ణి. మొదటి ఇద్దరూ ఎవరని అడగకండి. వాళ్ల పేర్లు నా నోటితో చెప్పాల్సిన ఖర్మ నాకు అప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు. పోలీస్ యాక్షన్ తర్వాత మిలటరీవాళ్లు వదిలించుకున్న జీపుల్లో ఒకటి చేతులు మారి మారి, యాభై ఆరో సంవత్సరంలో నా చేతికి వచ్చింది. తాండూరులో నాకు నాపరాళ్ల గని ఉండేది. గనికి జీపు తప్పనిసరి అని ఇంట్లో చెప్పాను. గనికి కావలసింది జీపు కాదు లారీ అని అక్కడ గడ్డపార పట్టిన ప్రతివాడికీ తెలుసు.

జీపులో అన్నీ బాగానే ఉండేవి. బ్రేకుకు మాత్రం కాస్త మొహమాటం ఎక్కువ. మొదటిసారి తొక్కితే పలకదు. రెండోసారికి ఊఁ అంటుంది. మూడోసారి గట్టిగా తొక్కితే అప్పుడు పట్టుకుంటుంది. తాండూరు మిస్త్రీ ఈరయ్య "ముందుగాల బ్రేకు చేపిచ్చుకోండ్రి పటేలా" అని ఒకటికి నాలుగుసార్లు చెప్పాడు. నేను ముందుగాల ఇత్తడి హారన్ పెట్టించాను, ఆకుపచ్చ రంగు వేయించాను, రెండు పక్కలా తెల్ల కర్టెన్లు కుట్టించాను. నాకొక తెల్ల సోలా టోపీ కూడా కొనుక్కున్నాను. మింగ మెతుకు లేదు గాని మీసాలకు సంపెంగ నూనె అంటారే, ఆ మీసాలు నావే.

మా మామ నర్సింహులుది మర్పల్లి పక్కన ఊరు. నిజాం కాలంలో ఆయన మాలీ పటేల్. శిస్తు సంగతులతోపాటు, షికారుకు దిగే పెద్ద సాబులకు ఏర్పాట్లు చేయడం కూడా ఆయన నెత్తినే ఉండేది. సాబులు తుపాకులు పట్టుకుని ఒకచోట కూర్చుంటారు. మామ ఊళ్లో మనుషులను వెట్టికి పట్టుకొచ్చి, డప్పులు కొట్టించి, కేకలు వేయించి, బీళ్లలో మేసే జింకలను ఆ తుపాకుల ముందుకు తరిమించాలి. ఇష్టం లేదని అనడానికి అది అడిగి చేయించుకునే పని కాదు. అట్లా ఇరవై ఏళ్లు చేశాడు.

యాభై ఏడులో దసరా వెళ్లాక ఆయన కళ్లు చూపించడానికి పట్నం తీసుకెళ్లాం. పొర అయితే తీసేసేవాణ్ణి, ఇది లోపల నరం ఎండిపోవడం, దీనికి మందు లేదు అన్నాడు డాక్టరు. ఎడమ కన్ను అప్పటికే పోయింది. కుడి కన్ను మహా అయితే ఇంకో ఆరు నెలలు. ఆ కుడి కన్ను కూడా బొంగులోంచి చూసినట్టే, ఎదురుగా ఉన్నదే కనబడేది. మనిషి నిలబడి ఉంటే కనబడేవాడు, నడిస్తే మాయమయ్యేవాడు. కదిలేదేదీ ఆయన చూపులో నిలిచేది కాదు. ఉన్న చూపు నాలుగు రోజులు నిలవడానికి ఇచ్చిన చుక్కలమందు వేయడానికి మనిషి కావాలని మా ఇంట్లోనే ఉంచుకున్నాం.

ఒకరోజు నా భార్య మనోరమ ఆయన పక్కన కూర్చుని అడిగింది. "నాయినా, సూడాల్నని మనసుల ఏమన్న ఉంటే చెప్పు. తిరుపతి పోదమా?"

"దేవుడు కండ్లు మూసుకున్నా కనవడ్తడు బిడ్డా," అన్నాడు మామ. తర్వాత, "నాకు జింకను సూడాల్నని ఉన్నది" అన్నాడు.

నేను నవ్వాను. మనోరమ కూడా నవ్వింది. "ఇరవై ఏండ్లు జింకలనే సూసినవ్ గద నాయినా."

"ఉరికేటియి సూసిన. ఉరికేటియి, పడ్డయి. ఊకె నిలవడి గడ్డి మేసే జింకను నా ఉమ్రల సూడలె బిడ్డా. నేను పోయిన్నంటే అవి ఉరికినట్టే లెక్క. ఒక్కపారి నిలవడ్డదాన్ని సూస్తె సాలు."

మేమిద్దరం నవ్వడం మానేశాం.  అయితే నా బుద్ధి ఎలాంటిదంటే, ఆ మాట ఇంకా చెవిలో ఉండగానే, జీపుకు మంచి పని దొరికిందని కూడా సంబరపడ్డాను.

పెద్దేముల్ పైన బీళ్లలో జింకలుండేవి. అక్కడికి ఎట్లా వెళ్లాలన్నదే మా ఇంట్లో రెండు రోజుల పంచాయితీ అయింది. మనోరమ శంకరప్పను పిలిపించింది. శంకరప్ప కురుమాయన, అరవై దాటినవాడు. కన్నడం వైపు నుంచి ఎప్పుడో వచ్చి బంట్వారంలో స్థిరపడ్డ కుటుంబం. ఏడాదిలో ఎనిమిది నెలలు గొర్రెల మందతో ఆ బీళ్లలోనే ఉండేవాడు. ఏ గడ్డి ఎప్పుడు మొలుస్తుందో, ఆ గడ్డికి ఏ జింక ఎప్పుడు వస్తుందో ఆయనకు తెలుసు.

శంకరప్ప గొంగడి భుజాన వేసుకుని వచ్చి, అరుగు మీద కూర్చుని, సంగతంతా విన్నాడు.

"సూపిస్త," అన్నాడు. "ఎడ్లబండి మీద పోవాలె. ఎడ్లబండిని సూస్తె జింకలు బెదరయి పటేలా. దినాం సూసేదే గద. మనిషి నడిసొస్తె ఉరుకుతయి, గుర్రమొస్తె ఉరుకుతయి. ఎడ్లబండి పక్కపొంటి పోతుంటె తలకాయ గిట్ల ఎత్తి సూసి మల్ల మేస్తయి. ఒక రాత్రి మా మందకాడ పండుకోవాలె. తెల్లగుడ్డలు కట్టొద్దు. అత్తర్లు పూయొద్దు. మాట్లాడొద్దు. సీదా వాటి దిక్కు పోవద్దు, సుట్టు తిరిగి పోవాలె."

"ఇవన్నీ ఎవరు పెట్టిన కానూన్లు?" అని అడిగాను.

"జింకలు పెట్టినయి పటేలా," అన్నాడు శంకరప్ప. వెటకారమేమీ లేదు, ఉన్నమాట చెప్పాడు. "బండి నాది, మాట నాది. మీరు కూసోవాలె, సూడాలె. గంతే."

నాకు అక్కడే కాలింది. నా మామకు నేను జింకలు చూపించడానికి నన్ను ఊరికే కూర్చోమంటాడా? పైగా నోరు మూసుకుని! నాకొక రోగం ఉండేది. దారి అడిగితే మీసం దిగిపోతుందనే రోగం. తాండూరు బజారులో కూడా ఎవరినీ అడక్కుండా మూడు గల్లీలు అదనంగా తిరిగేవాణ్ణి. అందుకని గొంతు సవరించుకుని పెద్ద ఉపన్యాసమే ఇచ్చాను. కాలం మారిందన్నాను. ఇంజను ఉండగా ఎడ్లెందుకన్నాను. కళ్లు సరిగ్గా లేని పెద్దమనిషిని బండిలో వేసి రెండు రోజులు కుదిపి చంపుతారా అన్నాను. జీపయితే పొద్దున పోయి మధ్యాహ్నం భోజనానికి ఇంటికి రావచ్చు, ఒకచోట కనబడకపోతే ఇంకో చోటికి పోవచ్చు, మన ఇష్టం మనది అన్నాను.

మనోరమ అంతా విని, "మీకు జింకలను సూపియ్యాల్నని ఉన్నదా, జీపును సూపియ్యాల్నని ఉన్నదా?" అంది.

"రెండూ," అన్నాను. కనీసం ఆ ఒక్కమాట నిజం చెప్పాను.

మామను అడిగాం. నిజానికి కోరిక ఆయనది కాబట్టి ఆయన మాటే చెల్లాలి. కానీ పిల్లనిచ్చిన ఇంట్లో ఉంటూ అల్లుడి మాట కాదనడం ఆయన ఎరుగడు. ఆ ఇంట్లో ఆయన మంచినీళ్లు కూడా కూతురిని అడిగేవాడే తప్ప నన్ను అడిగేవాడు కాదు. "అల్లుడు ఎట్లంటె అట్ల," అన్నాడు. ఆ మాట అంటున్నప్పుడు ఆయన ముఖం శంకరప్ప కూర్చున్న వైపు ఉంది. నేను అది చూశాను. చూసి, చూడనట్టు ఊరుకున్నాను.

శంకరప్ప లేచి గొంగడి దులుపుకున్నాడు. కోపం లేదు. "నేను మందతోని ఆ బీళ్ల దిక్కే ఉంట పటేలా. పని వడితె పిలువుండ్రి," అని వెళ్లిపోయాడు. నాకెందుకు పని పడుతుందిలే అనుకున్నాను.

నాలుగో రోజు తెల్లవారుజామున బయలుదేరాం. మనోరమ జొన్నరొట్టెలు, పల్లీల చట్నీ, పెరుగు ముంత సర్దుకుని వెనక కూర్చుంది. మామ నా పక్కన కూర్చున్నాడు. ఆయన ఉతికిన ధోవతి కట్టుకుని, తలకు రుమాలు చుట్టుకుని, పెళ్లికి పోయేవాడిలా తయారయ్యాడు. పొద్దున్నే రెండుసార్లు మందు వేయించుకున్నాడట. ఆ మాట మనోరమ దారిలో చెప్పింది.

బీడు చేరేసరికి ఎండ పసుపు రంగులో పడుతోంది. జొన్నచేలు దాటి, కందిచేలు దాటి, ఎత్తుపల్లాల గడ్డినేలలోకి జీపును దించాను. అర మైలు పోయామో లేదో, దూరంగా గడ్డిలో గోధుమరంగు మచ్చలు కనబడ్డాయి. జింకలే. పదిదాకా ఉన్నాయి. నాకు గర్వంతో ఛాతీ ఉబ్బింది. చూశావా శంకరప్పా అని మనసులో అనుకుంటూనే గేరు మార్చాను. ఆ గేరు మారేటప్పుడు నా జీపు చేసే చప్పుడు రోకటితో రేకు డబ్బాను దంచినట్టుంటుంది. మచ్చలన్నీ ఒక్కసారి తలలెత్తి, గాల్లోకి ఎగిరి, గట్టు దాటేశాయి.

"ఎటు? ఎటున్నయి?" అన్నాడు మామ. తల అటూ ఇటూ తిప్పుతున్నాడు.

"పోయినయి మామా. ఇంకో దగ్గర చూద్దాం."

ఇంకో దగ్గర అంతకంటే దూరం నుంచే పోయాయి. ఈ జీపుల చప్పుడు వాటికి కొత్త కాదని నాకు తర్వాత తెలిసింది. అంతకుముందు ఎనిమిదేళ్లుగా రాత్రిళ్లు జీపులకు పెద్దలైట్లు కట్టుకుని వచ్చి కాల్చిపోయేవాళ్లు పట్నం నుంచి దిగుతూనే ఉన్నారు. జింకలకు జీపంటే తుపాకే. అది నాకు తెలియకపోవడం ఒక తప్పు. తెలిసినవాడు ఇంటికొచ్చి అరుగు మీద కూర్చుంటే చెప్పించుకోకపోవడం ఇంకో తప్పు.

మూడోసారి నాకు పట్టుదల వచ్చింది. నేను పట్టిన కుందేటికి మూడే కాళ్లు. ఈసారి పట్టింది జింకలను కాబట్టి వాటికి నాలుగు కాళ్లూ ఉన్నాయి, అదే వచ్చిన చిక్కు. మంద ఉరకగానే నేనూ వెంబడించాను. వాటికంటే ముందుకు పోయి అడ్డం తిరిగితే ఆగుతాయి కదా అని నా లెక్క. జీపు గుంతల్లో ఎగిరెగిరి పడుతోంది. వెనక పెరుగు ముంత పగిలి మనోరమ ఒళ్లంతా పెరుగయింది. టోపీ ఎగిరిపోతుంటే పట్టుకోబోయి మోచేత్తో హారన్ నొక్కాను. అది బోంయ్ మని మోగింది. కళ్ల ముందు దుమ్ము, దుమ్ములో తెల్లటి వెనకభాగాలు. ఇంకాస్త, ఇంకాస్త అని నేను పైకే అరుస్తున్నాను.

అప్పుడు మామ నా చెయ్యి మీద చెయ్యి వేశాడు.

"సాలు అల్లుడా," అన్నాడు మెల్లగా. "ఇడిసెయ్. ఎన్కట నేను గిట్లనె ఉరికిచ్చిన."

జీపు ఆపాను. అంటే మూడుసార్లు తొక్కితే ఆగింది. దుమ్మంతా వచ్చి మా మీదే పడింది. నాకు సిగ్గేసింది. ఊరికే మాటకు అనడం లేదు, ఏడుపొచ్చేంత సిగ్గేసింది. ఆయన జన్మలో ఏది మళ్లీ చూడకూడదనుకున్నాడో, మిగిలిన ఆ కాస్త చూపుకు సరిగ్గా అదే చూపించాను. అప్పుడు డప్పులు, ఇప్పుడు హారన్. వెనక్కి తిరిగి మనోరమను చూసే ధైర్యం నాకు లేదు. ఆమె కొంగుతో పెరుగు తుడుచుకుంటున్న చప్పుడు మాత్రం వినబడింది.

"ఇంటికి పోదం," అంది. అంతే అంది.

వచ్చిన దారినే పోతే నేను సుధాకర్‌ను ఎందుకవుతాను? దగ్గరదారి పట్టాను. దగ్గరదారిలో వాగుంది. మోకాలి లోతు నీళ్లు, అడుగున ఇసుక. ఇలాంటి వాగులు జీపుకు లెక్కా అనుకుని దించాను. నడిమికి రాగానే చక్రాలు ఇసుకలో కూరుకుపోయాయి, ఇంజను నాలుగుసార్లు దగ్గి ప్రాణం వదిలింది. హ్యాండిల్ తిప్పాను. బానెట్ ఎత్తి, తెలిసినవాడిలా తీగలు ముట్టుకుని చూశాను. ప్యాంటు తొడలదాకా తడిసింది. జీపుకు నా మీద జాలి కలగలేదు.

సూర్యుడు నడినెత్తికి వచ్చాడు, దిగడం కూడా మొదలుపెట్టాడు. మామను ఒడ్డుకు నడిపించి తుమ్మచెట్టు నీడలో కూర్చోబెట్టాం. చట్నీతో జొన్నరొట్టె తిని, "రొట్టె మంచిగున్నది," అన్నాడాయన. జింకల మాట ఎత్తలేదు. ఒక్కమాట తిట్టినా బాగుండేదనిపించింది.

"పిలువుండ్రి," అంది మనోరమ.

"ఎవర్ని?"

"ఎవర్నో మీకెరుకనే. పని వడ్డది గద."

నేను పోయి జీపులో కూర్చుని హారన్ నొక్కాను. నొక్కుతూనే ఉన్నాను. అరగంట నొక్కాను. ఆ జీపులో నేను పెట్టించిన వాటిలో పనికొచ్చింది ఆ హారనొక్కటే, అదీ సాయం కోసం మొత్తుకోవడానికి.

మధ్యాహ్నం మళ్లుతుండగా గట్టు మీద శంకరప్ప కనబడ్డాడు. కాడి కింద జత ఎడ్లు, భుజాన మోకు.

"హారన్ ఇన్న," అన్నాడు. "బండి నిండ గొర్రెపిల్లలున్నయి. కాశమ్మను మందకాడ ఉంచి ఎడ్లను ఇడిసి తోలుకొచ్చిన." కాశమ్మ ఆయన భార్య. నీళ్లలో నిలబడ్డ జీపు చుట్టూ ఒకసారి తిరిగి చూశాడు. ఏమన్నా అంటాడని పళ్లు బిగించుకుని నిలబడ్డాను. ఆయన మోకు జీపు ముందున్న కొక్కేలకు కట్టాడు. ఎడ్లను "హె, హె" అని అదిలించాడు. జీపు ఇసుకలోంచి ఊడి ఒడ్డుకొచ్చింది. దాని చక్రాల నుంచి నీళ్లు కారుతుంటే, తలంటి పోసిన పిల్లిలా ఉంది.

ఇంజను అప్పుడూ పలకలేదు. పెద్దేముల్ దాకా లాక్కుపోవాలి, వేరే దారి లేదు.

శంకరప్ప మామ దగ్గరికి వెళ్లి కూర్చున్నాడు. "పెద్ద పటేలా, కానొచ్చినయా?"

"ఉరికినయి శంకరప్పా," అన్నాడు మామ.

 శంకరప్ప పొద్దు ఎంతుందో చూశాడు. లేచి నా దగ్గరికొచ్చి, "ఎట్లన్న ఎడ్లె గుంజుతున్నయి గద పటేలా. జర సుట్టు తిరిగి పోదం," అన్నాడు. "బండి నీదే. మాట నాది."

"నీదే," అన్నాను. ఆ మాట అనడానికి నాకు ముప్పై రెండేళ్లు పట్టింది.

తెల్ల కర్టెన్లు ఊడబీకించాడు. ముందు అద్దం ఎండకు తళతళలాడుతుందని దాన్ని బానెట్ మీదికి మడిపించి, పైన తన గొంగడి కప్పాడు. నా టోపీని రెండు వేళ్లతో తీసి మనోరమ ఒళ్లో పడేశాడు. తాను బానెట్ మీదికెక్కి, గొంగడి మీద కాళ్లు మడిచి కూర్చుని, పగ్గాలు పట్టుకున్నాడు. ఇంత ఆకుపచ్చ రంగు వేయించిన నా జీపు ఇప్పుడు అచ్చంగా ఎడ్లబండి. నేను స్టీరింగ్ పట్టుకున్న ఎడ్లబండి సామాను.

"ఇగ ఎవ్వలూ మాట్లాడొద్దు," అన్నాడు.

గంటసేపు పోయాం. శంకరప్ప తిన్నగా పోలేదు. ఒక దిబ్బ చుట్టూ పెద్ద చాపం గీసినట్టు తిప్పుకుంటూ, మధ్యమధ్య ఎడ్లతో రోజూ మాట్లాడే మాటలే గొణుగుతూ పోయాడు. ఇంజను లేకపోతే ఆ బీడులో ఎంత చప్పుడుందో నాకు అప్పుడు తెలిసింది. పిట్టలు, గాలికి గడ్డి, ఎడ్ల మెడల్లో గంటలు.

దిబ్బ మలుపు తిరగగానే నేల పల్లంగా దిగింది. శంకరప్ప వెనక్కి తిరక్కుండానే, చెయ్యి మెల్లగా కుడివైపు చాపాడు. 

"పెద్ద పటేలా," అన్నాడు శంకరప్ప, పెదవులు కదలకుండా. "నా చెయ్యి కొసకు సూడు."

నేనూ చూద్దామని తలెత్తబోయాను. సరిగ్గా అప్పుడే మోకు వదులైంది. పల్లంలో జీపు తనంతట తానే జారుతోంది. ముందు అడుగు దూరంలో ఎడ్ల వెనక కాళ్లు. బ్రేకు తొక్కాను. పలకలేదు. మళ్లీ తొక్కాను. ఊఁ అంది. మూడోసారి తొక్కితే పట్టుకుని, మళ్లీ వదిలేసింది. ఒక్క క్షణం చూపు పక్కకు తిప్పితే బంపర్ పోయి ఎడ్ల కాళ్లకు తగులుతుంది. ఎడ్లు బెదిరితే జింకలు ఉరుకుతాయి. ఈరయ్య మాట వినని పాపం ఎప్పుడు పండాలో అప్పుడే పండింది.

చూడాలని నాకూ ఉంది. ఎంత ఉందో చెప్పలేను. కుడివైపు, రాయి విసిరితే పడేంత దూరంలో అవి ఉన్నాయి, అవి గడ్డి తెంపే చప్పుడు కూడా నా చెవికి వినబడుతోంది. కానీ నేను తల దించుకుని, ఎడ్ల గిట్టలు చూస్తూ, బ్రేకు తొక్కుతూ, వదులుతూ, తొక్కుతూ పోయాను. నా పక్కన మామ మాత్రం గుసగుసగా మాట్లాడటం మొదలుపెట్టాడు. మాట్లాడొద్దన్న శంకరప్ప కూడా ఆయన్ని వారించలేదు.

"నల్లగున్నది. వీపు నల్లగ, కడుపు తెల్లగ. కొమ్ములు మెలివడి ఉన్నయి. కంటి సుట్టు సున్నం రాసినట్టున్నది. నా దిక్కే సూస్తున్నది బిడ్డా. నిలవడ్డది. నిలవడ్డది. చెవు దులుపుకున్నది. ఇగో, మల్ల మేస్తున్నది. దాని పక్కకు ఒక పిల్ల తల్లి పొదుగు గుద్దుతున్నది. ఉరుకుత లేవు. ఎందుకో ఉరుకుత లేవు."

ఆయన కుడి చెయ్యి వెతుక్కుంటూ వచ్చి నా మోకాలి మీద పడింది. ఆ మోకాలు బ్రేకుతోపాటు పైకీ కిందికీ ఆడుతోంది. ఆయన చెయ్యి కూడా దాంతో ఆడింది. పల్లం దిగేదాకా తియ్యలేదు.

అడుగుకు చేరాక జీపు నిలిచింది. అప్పుడు తలెత్తాను. దిబ్బ అడ్డం వచ్చింది. కొంత గడ్డి, కొంత ఎండ, అంతే.

"సూసినవా అల్లుడా?" అన్నాడు మామ. ఆయన ముఖమంతా తడిగా ఉంది.

"ఏం చూడటం మామా. నేను ఎడ్ల గిట్టలు చూసిన," అన్నాను. ఎనిమిది గిట్టలనూ ఇప్పటికీ బొమ్మ గీయగలను.

మనోరమ వెనక నుంచి నా భుజం మీద చెయ్యి వేసి, ఒక్కసారి నొక్కి తీసేసింది. మా పెళ్లయ్యాక నేను మీసం మెలేసి చేసిన పనులు చాలా ఉన్నాయి. వాటికి దేనికీ ఆమె అట్లా చెయ్యి వెయ్యలేదు.

మాఘం వెళ్లి హోళీ వచ్చేసరికి మామకు ఆ కుడి కన్ను కూడా పోయింది. డాక్టరు చెప్పినంత కూడా ఆగలేదు. ఆయన దానికి పెద్దగా ఏడవలేదు. పొద్దూకే వేళ అరుగు మీద కూర్చుని, నా అడుగుల చప్పుడు వినగానే పిలిచేవాడు. "రా అల్లుడా, కూసో. నువ్వు పాపం సూడక పోతివి. చెప్త ఇను." అని, నల్ల వీపు దగ్గర మొదలుపెట్టేవాడు. అల్లుడి ఇంట్లో మంచినీళ్లు అడగని మనిషి నన్ను పేరుపెట్టి పిలిచినంత చనువుగా పక్కన కూర్చోబెట్టుకునేవాడు. మనోరమ లెక్కన ఆరోజు అక్కడున్నవి ఏడు జింకలు. మామ చెప్పగా చెప్పగా అవి పదకొండయ్యాయి, వానాకాలానికి పదిహేడయ్యాయి. నేను ఎన్నడూ తగ్గించలేదు.

బ్రేకు చేయించాను. ఆ తర్వాత ఏడాదికి జీపు అమ్మేశాను కూడా. తాండూరు గనికి లారీ వచ్చింది.

అరవయ్యో సంవత్సరంలో ఒకరోజు బంట్వారం వెళ్లి, శంకరప్ప ముందు నిలబడి, "నాకూ చూపిస్తవా?" అని అడిగాను. దారి అడగడం నేర్చుకోవడానికి నాకు అంతకాలం పట్టింది. ఒక రాత్రి ఆయన మంద దగ్గర పడుకున్నాను. కాశమ్మ పెట్టిన సజ్జరొట్టె తిన్నాను. పొద్దున బండిలో, గొంగడి కప్పుకుని, నోరు మూసుకుని కూర్చున్నాను. చూశాను. మగ జింక, నల్ల ఇర్రి, ఒకటి తలెత్తి నన్ను చూసింది. కంటి చుట్టూ సున్నం రాసినట్టే ఉంది. చెవి దులుపుకుంది. మళ్లీ మేసింది. మామ ఒక్క అక్షరం కూడా అబద్ధం చెప్పలేదు, లెక్క తప్ప.

సాయంత్రం ఇంటికి వచ్చేసరికి ఆయన అరుగు మీదే ఉన్నాడు. మనోరమ నీళ్ల చెంబు తెచ్చి, నా ధోవతికి అంటుకున్న బీటి గడ్డి ముళ్లను చూసింది. 

"అల్లుడా, ఎటు పోయినవ్ రాత్రి?"

"పెద్దేముల్ దిక్కు పోయిన మామా. పని ఉండె."

"పెద్దేముల్ దిక్కా?" ఆయన గొంతు మారింది. ముఖం నా వైపు తిప్పి, చూపు లేని కళ్లతో వెతికాడు. "జింకలు కానొచ్చినయా?"

మనోరమ చెంబు పట్టుకుని అక్కడే నిలబడింది.

"లేదు మామా," అన్నాను. "కానరాలె."

"అయ్యో పాపం. నీకు రాసి లేదు గదా," అన్నాడాయన. ఆ మాటలో ఎంత సంతోషముందో నేను చెప్పలేను. అరుగు మీద చేత్తో తట్టి చోటు చూపించాడు. "రా, కూసో. ఎట్లున్నయో నేను చెప్త."

నేను చెప్పులు విడిచి ఆయన పక్కన కూర్చున్నాను.